‘ఇంట్రెస్ట్ లేదు’ అని రాసేముందు: ఏఎన్‌ఎం, ఆశాల పనితీరు తగ్గితే ఏం చూడాలి, ఏం చేయాలి

నెలవారీ రివ్యూ. తెర మీద ఎక్సెల్ షీటు, అందులో ఒక వార్డు పేరు ఎర్రగా. “ఆవిడకి ఇంట్రెస్ట్ లేదండీ” అంటారు సూపర్‌వైజర్, ఆ వార్డులో ఇంటింటికీ తిరిగే నర్సు (ఏఎన్‌ఎం) గురించి. మెడికల్ ఆఫీసర్ మెమో ఇస్తారు. వచ్చే నెలకల్లా ఆ గడి ఆకుపచ్చగా మారిపోతుంది. విజయవాడ, గుంటూరుల్లో అర్బన్ పీహెచ్‌సీ నడిపేవాళ్లలో ఈ తంతు తెలియనివాళ్లు ఉండరు. గడి రంగు మారింది సరే, ఆ వార్డులో నిజంగా బీపీ చూపించుకున్నవాళ్లు పెరిగారా?

ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తల్లాంటి ఫీల్డు సిబ్బందిని నడిపించాల్సిన మెడికల్ ఆఫీసర్లు, సూపర్‌వైజర్లు, కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ల (సీహెచ్‌ఓ) కోసం ఇది. ఇందులో చెప్పేదంతా ఒక్క లెక్క మీద నడుస్తుంది: ఆసక్తి లేదన్నది ఆఖరున రావాల్సిన అనుమానం. దాన్నే మొదట పట్టుకుంటే జబ్బొకటి, మందొకటి అవుతుంది.

మూడు కారణాలు, పైకి ఒకటే లక్షణం

పని జరగలేదంటే మూడింట్లో ఒకటి: చేసే వీలు లేదు, చేయడం రాదు, చేయబుద్ధి కావడం లేదు. షీటు మీద మూడూ ఒకేలా ఎర్రగా కనిపిస్తాయి. మొదటి రెండిటినీ పట్టించుకోకుండా వదిలేస్తే కొన్నాళ్లకు అవే మూడోదిగా ముదురుతాయి. గ్లూకోమీటర్ స్ట్రిప్పులు లేకుండా మూడు నెలలు ఇంటింటికీ తిరిగిన ఏఎన్‌ఎం, నాలుగో నెల స్ట్రిప్పులు వచ్చినా అదే హుషారుతో తిరగదు. “మొన్న కూడా పేర్లు రాసుకుని పోయావుగా, మళ్లీ ఏం రాస్తావు” అని గడపలో నిలబెట్టి అడిగించుకున్నాక ఆ వీధిలోకి కాళ్లు రావు.

అందుకే ఇదే వరుసలో వెతకండి: వీలు, రావడం, బుద్ధి.

ఒక రోజు ఆవిడ వెంట

వీలుందో లేదో ఆఫీసులో కూర్చుంటే తెలియదు. బుధ, శనివారాలు టీకాలకు పోతాయి కాబట్టి మిగతా రోజుల్లో ఒకటి ఎంచుకుని ఆవిడతో పాటు ఫీల్డుకు వెళ్లండి. ముందురోజే చెప్పి వెళ్లండి. ఆకస్మిక తనిఖీతో గైర్హాజరు దొరుకుతుంది గానీ అడ్డంకి దొరకదు. మిమ్మల్ని చూడగానే ఉన్న అడ్డంకులన్నీ దాచేస్తారు.

మొదట బ్యాగు తెరిపించండి. బీపీ మిషన్ కఫ్‌కున్న వెల్క్రో అరిగిపోతే గాలి ఎక్కుతుండగానే ఊడి, తెర మీద ‘ఎర్రర్’ వస్తుంది. రెండుసార్లు అలా అయితే ఇంటివాళ్ల ముందు పరువు పోతుందని మూడోసారి అంకె ఆవిడే రాసేస్తుంది. మామూలు కఫ్ సుమారు 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. లావు చేతికి అదే చుడితే రీడింగు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆ మనిషి పీహెచ్‌సీకి వచ్చి “ఇక్కడ మామూలుగానే ఉందన్నారు, మీ మిషన్ అబద్ధం” అని వీధిలో చెప్తాడు. సెంటర్‌కు కనీసం రెండు పెద్ద కఫ్‌లు ఉండాలి. గ్లూకోమీటర్ స్ట్రిప్పుల సీసా తెరిచిన తేదీ మూత మీద రాసి ఉందా, మూత బిగుసుకుంటోందా చూడండి. తేమ తగిలిన స్ట్రిప్పు మీద నమ్మకం పెట్టుకోకూడదు. వాడిన సూదులు వేయడానికి గుచ్చుకోని డబ్బా ఉందా? ట్యాబ్‌లో చార్జింగ్ ఎంత, ఖాళీ జాగా ఎంత, సిమ్‌లో డేటా ఎవరు వేయించుకుంటున్నారు? ఆఖరి ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. సొంత ఫోన్ హాట్‌స్పాట్‌తో ప్రభుత్వ యాప్ నింపుతున్న సిబ్బంది దాన్ని ఫిర్యాదుగా చెప్పరు, మనసులో లెక్క మాత్రం వేసుకుంటారు.

తర్వాత ఒక తెల్లకాగితం మీద ఐదు వరసలు గీసుకోండి: తట్టిన తలుపు, తాళం వేసి ఉందా, మనిషి దొరికారా, మాటకూ పరీక్షకూ పట్టిన నిమిషాలు, యాప్‌లో ఎక్కించడానికి పట్టిన నిమిషాలు. ఇరవై ఇళ్లు చాలు. మీరు మాట్లాడొద్దు, నేర్పొద్దు, నిమిషాలు రాసుకోండి.

ఈ కాగితం ఒక్కో వార్డులో ఒక్కో కథ చెప్తుంది. విజయవాడలో వించిపేట, మొగల్రాజపురం కొండల మీది ఇళ్లకు మెట్లెక్కాలి. మే నెలలో పొద్దున పదకొండు దాటాక బ్యాగు భుజాన వేసుకుని ఆ మెట్లెక్కమనడం జరగని పని. పటమట, బెంజి సర్కిల్ వైపు మెట్ల బాధ లేదు, లిఫ్టుంది. కానీ వాచ్‌మన్ గేటు దాటనివ్వడు. అలాంటిచోట మెడికల్ ఆఫీసర్ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటుకు ఒక్క ఫోను చేసి, ఆదివారం ఉదయం సెల్లార్‌లో రెండు గంటల స్క్రీనింగ్ పెట్టిస్తే నెల రోజులు గేటు దగ్గర పడిగాపులు తప్పుతాయి. ఆ ఆదివారానికి బదులు సెలవు అదే వారం ఇవ్వాలి, రాతపూర్వకంగా. “తర్వాత చూద్దాం” అన్న సెలవు ఎప్పటికీ రాదని అందరికీ తెలుసు.

గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో మిరపకోతల కాలంలో మధ్యాహ్నం ఇంటికి వెళ్తే తాళాలే పలకరిస్తాయి. కూలీలు తెల్లారకముందే ఆటోలెక్కి చేలకు పోతారు, పొద్దు వాలాక వస్తారు. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి కోతలకు వలస వచ్చిన కుటుంబాలైతే ఊరి చివర గుడారాల్లో ఉంటాయి. వాళ్ల పిల్లలు ఇక్కడ టీకా వేయాల్సినవాళ్ల జాబితాలో (డ్యూ లిస్టు) ఉండనే ఉండరు. టీకాల నమోదు పోర్టల్ యు-విన్‌లో ఏ ఊరి బిడ్డకైనా టీకా వేసి ఎక్కించవచ్చు కనుక గుడారాల దగ్గరకు సాయంత్రం వెళ్తే పని అయిపోతుంది. కానీ ఆవిడ సాయంత్రం వెళ్లాలంటే పొద్దున ఆలస్యంగా వచ్చే వీలుండాలి. ముఖం చూపించి హాజరు వేసే చోట ఈ వీలు మీరే కల్పించాలి: వారంలో రెండు రోజులు సాయంత్రపు ఫీల్డు అని టూర్ ప్రోగ్రాంలో ముందే రాసి, పైఅధికారి ఆమోదం తీసుకుని, కాపీ ఆవిడ చేతికివ్వండి. వేళ తనే నిర్ణయించుకోగలిగిన మనిషి పని చేసే తీరే వేరు. మొత్తం వ్యవహారంలో పైసా ఖర్చు లేకుండా దొరికే మందు ఇది.

టార్గెట్ ముందు గుణకారం

టార్గెట్ పంచేముందు అది మనిషి చేతనవుతుందా అని లెక్క కట్టండి. వార్డులో 4,000 జనాభా ఉందనుకుందాం. ముప్పై దాటినవాళ్లు సగం అనుకుంటే 2,000 మందికి బీపీ, షుగరు చూడాలి. పరీక్షకు 12 నిమిషాలు, ఎంట్రీకి 8 నిమిషాలు అనుకుంటే మనిషికి 20. మొత్తం 40,000 నిమిషాలు, అంటే 667 గంటలు. రోజుకు ఫీల్డులో నికరంగా మూడు గంటలు, నెలకు 22 రోజులు పెడితే 66 గంటలు. పది నెలల పని. ఇందులో నడక లేదు, తాళాలు లేవు, టీకా రోజులు లేవు. దీన్ని రెండు నెలల్లో ముగించమంటే ముగుస్తుంది, కాగితం మీద. పైనున్న నిమిషాలు ఉదాహరణకే. మీరు ఇరవై ఇళ్ల దగ్గర రాసుకున్నవి పెట్టి మళ్లీ గుణించండి.

ఆశాలకూ ఇదే లెక్క. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డకు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వెళ్లాలి. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలల్లో మరో ఐదుసార్లు. మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆచారం ఉన్న మన దగ్గర బాలింత ఎక్కడుందో కనుక్కోవడమే సగం పని. కోడలు తెనాలి పుట్టింట్లో ఉంటే విజయవాడ ఆశా విజిట్ ఎలా పూర్తి చేస్తుంది? పుట్టింటి ఊరి ఆశాకు ఫోన్‌లో అప్పగించే పద్ధతి పెట్టండి, లేకపోతే ఆ ఆరు విజిట్లూ రిజిస్టర్‌లోనే జరుగుతాయి.

లెక్క కుదరకపోతే ఏదో ఒకటి తీసేయండి. తీసే అధికారం మీకు లేకపోతే వరుస చెప్పండి: ఈ నెల మొదట హై రిస్క్ గర్భిణులు, తర్వాత టీకా తప్పిన పిల్లలు, ఆ తర్వాతే స్క్రీనింగ్. అన్నీ అర్జెంటే అని చెప్తే ఏది వదిలేయాలో ఆవిడే తేల్చుకుంటుంది, సాధారణంగా కష్టమైనదాన్నే వదిలేస్తుంది.

వచ్చా రాదా

ఇది త్వరగా తేలుతుంది. చెప్పమనొద్దు, చేసి చూపించమనండి. గడ్డకట్టిన ఐస్‌ప్యాక్‌ను తీసిన వెంటనే టీకా క్యారియర్‌లో పెడుతున్నారా, లేక పద్ధతి ప్రకారం చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా బయట ఉంచుతున్నారా? తట్టు, రుబెల్లా (ఎంఆర్) టీకా వయల్ కలిపిన టైము రాసి, నాలుగు గంటలు దాటితే పక్కన పెడుతున్నారా? బీపీకి ముందు ఐదు నిమిషాలు కూర్చోబెడుతున్నారా? రాకపోతే ఆ పూటే, అక్కడే, నలుగురిలో కాకుండా నేర్పండి. అన్నీ సరిగ్గా చేసి చూపిస్తున్నా ఇళ్ల దగ్గర చేయట్లేదంటే అప్పుడు మూడో కారణం దగ్గరకు వచ్చినట్టు. తెలిసినదానికీ చేసేదానికీ మధ్య ఈ ఎడం నర్సులకే పరిమితం కాదు. ఢిల్లీలో డాక్టర్లను గమనించిన పరిశోధకులకూ తెలిసినదానికన్నా తక్కువే చేస్తున్నారని తేలింది.

11 అని రాయడం ఎందుకు సుఖం

ఇక్కడ కొంచెం ఆగాలి. ఉత్సాహం చచ్చిపోయేది ఎక్కువగా ఇక్కడే.

గర్భిణికి హీమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే రక్తహీనత, 7 కన్నా తక్కువుంటే తీవ్ర రక్తహీనత. ఒక ఏఎన్‌ఎం నిజంగా చూసి 6.8 అని రాసింది. ఆ క్షణం నుంచి ఆవిడ నెత్తిన పడేది చూడండి: అత్తగారిని ఒప్పించాలి, ప్రభుత్వ పెద్దాస్పత్రికి (జీజీహెచ్) పంపాలి, వెళ్లిందో లేదో రోజూ ఫోన్ చేయాలి, పోర్టల్‌లో హై రిస్క్ కింద ఎక్కించాలి, రివ్యూలో “మీ ఏరియాలో ఇంత తక్కువ ఎందుకుంది, ఐరన్ మాత్రలు ఇవ్వలేదా” అన్న ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పాలి. పక్క వార్డులో 11 అని రాసినావిడ హాయిగా కూర్చుంది. ఆవిడ షీటు ఆకుపచ్చ. ఇలాంటి రివ్యూలు రెండు జరిగితే చాలు, మూడో నెల నుంచి వార్డులన్నిటా 11, 11.2 వస్తాయి. ఎవరూ సోమరులు కారు. పట్టుకున్నవాళ్లకు శిక్ష, పట్టుకోనివాళ్లకు శాంతి అని మీ సమావేశమే నేర్పింది.

ఈ జబ్బు మీ సెంటర్‌లో ఉందో లేదో తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఒక రిజిస్టర్‌లో వరుసగా 50 బీపీ రీడింగులు తీసుకుని, పై అంకె చివర సున్నా ఉన్నవి లెక్కపెట్టండి. డిజిటల్ మిషన్ అయితే పదింట ఒకటి, అంటే ఐదారు సున్నాలు రావాలి. పాదరసం మిషన్ మీద గీతలు రెండేసి కాబట్టి ఐదింట ఒకటి, పది దాకా రావచ్చు. నలభై సున్నాలు కనిపిస్తే, 120/80లు, 110/70లు బారులు తీరి ఉంటే, అవి చేతి మీద కొలిచినవి కావు. హీమోగ్లోబిన్‌లో 10.5, 11 దగ్గర గుంపులు చూడండి.

దొరికాక మెమో రాయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. మెమో ఇస్తే వచ్చే నెల 118/76, 124/82 అని అందంగా రాస్తారు, మీకున్న ఒక్క పరీక్షా పోతుంది. బదులుగా రివ్యూ వరుస తిప్పండి. మొదటి ప్రశ్న “ఎంతమందిని చూశారు” అని కాకుండా “ఎవరిని పట్టుకున్నారు” అని ఉండాలి. 6.8 పట్టుకున్నావిడ పేరు ముందు రావాలి, ఆ గర్భిణి ఫాలో అప్‌లో సగం భారం పీహెచ్‌సీ తీసుకోవాలి: ఆస్పత్రికి ఫోన్ స్టాఫ్ నర్స్ చేస్తుంది, అత్తగారితో డాక్టర్ మాట్లాడతారు. రెండు మూడు నెలల్లో నిజమైన అంకెలు బయటికి రావడం మొదలవుతుంది, షీటు అప్పుడు ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపును పైఅధికారులకు ముందుగానే వివరించి పెట్టుకోవడం మీ పని.

హాజరు ఒక్కటే బిగిస్తే ఏమవుతుందో రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్‌లో తేలింది. అక్కడ ఏఎన్‌ఎంల హాజరును టైము ముద్ర పడే మిషన్‌తో నమోదు చేసి జీతంతో ముడిపెట్టారు. మొదట్లో హాజరు బాగా పెరిగింది. తర్వాత ‘మినహాయింపు రోజులు’ అని అధికారులే రాస్తూ పోయారు. 16 నెలలు తిరిగేసరికి మిషన్ పెట్టిన సెంటర్లకూ పెట్టని సెంటర్లకూ తేడా మిగల్లేదు. 2008లో అచ్చయిన అధ్యయనం ఇది. బెత్తం పట్టుకున్నవాళ్లకే విసుగొస్తే బెత్తం పనిచేయదు.

రివ్యూ ఎలా నడపాలి, ఎలా పిలవాలి

గంట చాలు. మొదటి పది నిమిషాలు సరుకు: ఎవరికి ఏది అయిపోయింది, ఏ తేదీకి వస్తుంది. తర్వాత ఇరవై నిమిషాలు పట్టుకున్న కేసులు. ఇంకో ఇరవై నిమిషాలు ఒకే ఒక్క సమస్య మీద, ఆ సమస్యను దాటిన ఏఎన్‌ఎం చేత చెప్పించాలి. చివరి పది నిమిషాల్లో ఎవరు ఏం చేస్తారు, ఎప్పటికి అన్నది రాసి చదివి వినిపించాలి. వచ్చే రివ్యూ ఆ కాగితంతోనే మొదలవ్వాలి, మీరు చేస్తానన్నది ముందు. ఎవరి అంకెలు వాళ్లకు చిన్న చీటీ మీద విడిగా ఇవ్వండి. కొండ మెట్ల వార్డునూ లిఫ్టు వార్డునూ పక్కపక్కన పెట్టి ర్యాంకులు వేయడం వల్ల ఒరిగేదేమీ లేదు; పోల్చాలంటే ఆవిడ పోయిన మూడు నెలలతో పోల్చండి.

చిన్నదిగా కనిపించే సంగతి ఒకటి: ఏకవచనం. ఇరవై ఏళ్ల సర్వీసున్న ఏఎన్‌ఎంను, కొత్తగా చేరిన మెడికల్ ఆఫీసర్ అందరి ముందూ “నువ్వు ఏం చేస్తున్నావ్” అంటే ఆ రోజు సమావేశంలో చెప్పిన మిగతా మాటలేవీ ఆవిడ చెవికెక్కవు. అదే వీధిలో జనం ఆవిడను “నర్సమ్మగారూ” అంటారు. ‘మీరు’, ‘గారు’ అనడానికి బడ్జెట్ అక్కర్లేదు. ఆశాలకూ అంతే, “ఏయ్ ఆశా” అని పిలిచే సెంటర్లలో వాళ్లు పేషెంటును తీసుకుని లోపలికి రావడానికే జంకుతారు, బయట గేటు దగ్గర వదిలి వెళ్లిపోతారు.

వాట్సాప్ గ్రూపుకు మూడు నియమాలు: సాయంత్రం ఆరు దాటాక టార్గెట్ మెసేజ్ పెట్టకూడదు (అత్యవసరమైతే ఫోన్ చేయాలి); పేర్లతో ఎర్ర జాబితా గ్రూపులో వేయకూడదు; ఒకసారి పోర్టల్‌లో ఎక్కించినదాన్ని మళ్లీ ఫొటో తీసి పంపమనకూడదు. మూడోది పాటిస్తే రోజుకు ఎంత సమయం మిగులుతుందో వాళ్లనే అడగండి.

డబ్బు, మెచ్చుకోలు

అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో పిట్స్‌బర్గ్ ఇంజనీర్లు, అకౌంటెంట్లు సుమారు 200 మందితో మాట్లాడి ఒక మాట తేల్చాడు: జీతం, పని పరిస్థితులు బాగోకపోతే అసంతృప్తి పుడుతుంది, అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు, దానికి పనిలో గుర్తింపు, ఎదుగుదల కావాలి. తర్వాత ఈ సిద్ధాంతం మీద తగువులు చాలా జరిగాయి గానీ, బిల్లు ఆలస్యమైన నెలలో ఆశాల ముఖాలు చూసినవాళ్లకు మొదటి సగం మీద అనుమానం ఉండదు. పథకం కాగితాల్లో ఆశా ఇప్పటికీ స్వచ్ఛంద కార్యకర్తే. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ల గౌరవ వేతనం 2019లో నెలకు 10,000 రూపాయలైంది. మొత్తం పెంచడం మీ చేతుల్లో లేదు. ఆలస్యం, కోత, అయోమయం చాలావరకు మీ చేతుల్లోనే ఉన్నాయి.

క్లెయిములు తీసుకునే తేదీ ఒకటే పెట్టి గోడ మీద రాయండి. ఇచ్చిన ప్రతి ఫారానికి సంతకం పెట్టిన కాపీ వెనక్కివ్వండి. కోత పడితే ఏ లైను, ఎందుకు, మళ్లీ పెట్టుకోవచ్చా అన్నది మూడు ముక్కల్లో రాసివ్వండి. “పైన కట్ అయింది” అన్న జవాబే అన్నిటికన్నా ఎక్కువ కుంగదీస్తుంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఆశాలకు గ్రాట్యుటీ ప్రకటించింది కాబట్టి ప్రతి ఒక్కరి చేరిన తేదీ, ఆ నాటి ఉత్తర్వు కాపీ, ఆధార్‌లో పుట్టిన తేదీ సరిపోతున్నాయో లేదో ఇప్పుడే ఫైలు తెరిచి చూడండి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ రోజు తిరగాల్సింది వాళ్లే.

మెచ్చుకోలు విషయంలో జాంబియా రాజధాని లుసాకాలో జరిగిన ఒక ప్రయోగం ఉపయోగపడుతుంది. క్షౌరశాలలవాళ్ల చేత కండోములు అమ్మించినప్పుడు, కమీషన్ ఇచ్చినవాళ్ల కన్నా, అమ్మినకొద్దీ గోడ మీది బోర్డులో నక్షత్రాలు అతికించినవాళ్లే ఎక్కువ అమ్మారు. బోర్డు వచ్చేపోయేవాళ్లకు కనిపించేచోట పెట్టారు, అదీ కిటుకు. జనవరి 26 ప్రశంసాపత్రం జిల్లాకు కొందరికే అందుతుంది. మీ సెంటర్ ఓపీ గోడ మీద “ఈ నెల టీకా తప్పిన 14 మంది పిల్లల్ని వెతికి వేయించినవారు” అని పేరు రాస్తే అదే వీధి జనం చదువుతారు. చేసిన పని, అంకె రెండూ ఉండాలి. ఊరికే ‘ఉత్తమ ఏఎన్‌ఎం’ అని రాస్తే మిగతావాళ్లు మొహం తిప్పుకుంటారు.

విపత్తు రోజుల్లో

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పరిసర కాలనీలు మునిగాయి. అలాంటప్పుడు క్యాంపులకు పంపే సిబ్బంది ఇళ్లూ అదే నీళ్లలో ఉండొచ్చు. డ్యూటీ చార్టు వేసేముందు ఎవరి ఇల్లు మునిగిందో జాబితా రాసి, వాళ్లను మొదటి మూడు రోజులు తప్పించండి. షిఫ్టు ఎనిమిది గంటలు దాటకుండా, తిరిగి వెళ్లడానికి బండి, బూట్లు, భోజనం, తాగునీరు ఏర్పాటయ్యాకే పేరు రాయండి. క్యాంపు ముగిసిన వారంలోనే బదులు సెలవు. ఆ పది రోజులు మీరెలా చూశారన్నది వాళ్లు పదేళ్లు చెప్పుకుంటారు.

మూడు నెలల తర్వాత

మళ్లీ ఇరవై ఇళ్లు, మళ్లీ 50 రీడింగులు. సున్నాలు తగ్గాయా, పట్టుకున్న హై రిస్క్ కేసులు పెరిగాయా, తాళం వేసిన ఇళ్లు తగ్గాయా చూడండి. మొత్తం కవరేజి కొద్దిగా తగ్గినా కంగారు పడొద్దు, ఇంతకుముందున్నది గాలి లెక్క.

వీలు కల్పించి, నేర్పించి, మర్యాద ఇచ్చాక కూడా కదలని ఒకరిద్దరు ఉంటారు. మెమో వాళ్ల కోసమే. అందులో ‘పనితీరు బాగోలేదు’ అని రాయొద్దు; ఏ తేదీన, ఏ వీధిలో, ఏ డోర్ నంబర్లకు వెళ్లినట్టు రాశారు, ఆ ఇళ్లవాళ్లు ఏం చెప్పారు, దానికి ముందు ఏ ఏ సౌకర్యం ఏ తేదీన ఇచ్చారు అన్నవి రాయండి. కాపీ ఫైల్లో పెట్టి, జవాబుకు ఏడు రోజులు గడువివ్వండి.